రెయిలింగ్ అవతల ఆనపకాయ

జూన్ 8, ఆదివారం

పక్కగది తారాబాయి పెద్దమ్మ ఈ రోజు నా గుమ్మం ముందు ఒక బాల్టీ పెట్టింది. పెట్టనా అని అడగలేదు.

"విక్కీ, నీ ముంగట ఎండ పడ్తది, నా ముంగట పడది. గీ బాల్టీ ఈడనే ఉంటది" అని చెప్పి, నేను నోరు తెరిచేలోపు వెళ్లిపోయింది.

ఆ బాల్టీ కూడా నాదే. రంగు అయిపోయాక పని దగ్గరి నుంచి తెచ్చి మెట్ల కింద పడేసింది నేనే. బాల్టీ నాది, గుమ్మం నాది, ఎండ నాది. అందులో పెట్టే మొక్క మాత్రం ఆమెదట. బాగుంది వరస.

ఈ డైరీ పెయింట్ దుకాణం వాళ్లు ప్రతి జనవరిలో ఇస్తారు. నా భార్య శీతల్ ప్రతి ఏడూ దీని మీద వేడి గిన్నెలు దించుతుంది. ఏప్రిల్‌లో భాయ్‌ఖళాలో బిల్డింగ్‌కు రంగు వేస్తూ పరంజా మీద నుంచి పడి కాలు విరిగినప్పటి నుంచి నేను అందరి మీదా అరుస్తున్నానట. "నోటితోని అనేదంత దీంట్ల రాసుకో, మాకు జర శాంతి" అని నా ఒళ్లో పడేసింది. మునిసిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. శీతల్ పొద్దున్నే నాగ్‌పాడా కుట్టు కార్ఖానాకు వెళ్తే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. పగలంతా కామాటిపురాలోని మా చాళీలో, గదుల ముందున్న మూడో అంతస్తు గ్యాలరీలో నేను, నా కుర్చీ. ఇప్పుడు ఈ బాల్టీ.

జూన్ 9

కాలు నొప్పి.

జూన్ 15, ఆదివారం

బాల్టీ నిండా మట్టి. ముంబైలో డబ్బులిస్తే దొరకనిది లేదంటారు కానీ మట్టి ఎక్కడ దొరుకుతుందో నాకు ఈ వయసు దాకా తెలియదు. పెద్దమ్మకు తెలుసు. రెండు గల్లీల అవతల పాత చాళీ కూలగొట్టి పునాది తవ్వుతున్నారు. అక్కడ పనిచేసే పాలమూరు పిల్లలతో మాట కలిపింది. వాళ్లకు పుంటికూర పప్పు, జొన్నరొట్టె పెట్టింది. వాళ్లు సంచులకెత్తి మూడంతస్తులు మోసుకొచ్చి పోశారు. ఊరి పప్పు తిన్నాక వాళ్లు కొండనైనా మోసేవాళ్లే.

ఎరువు నాగ్‌పాడాది. బక్రీద్‌కు ముందు మేకలను కట్టేసిన చోటికి చీపురు, సంచి పట్టుకుని ఈమె వెళ్లిందట. మేకలవాళ్లు నవ్వి, తామే ఊడ్చి ఇచ్చారట. ఆ సంచి నా గుమ్మం ముందు విప్పింది. నేను ముక్కు మూసుకున్నాను.

"ఏం కంపు పెద్దమ్మా!"

"రేపు ఆనపకాయ కూర తినేటప్పుడు గిట్లనే ముక్కు మూసుకో, చూస్త."

ఈమెకు డెబ్బై దగ్గర పడ్డాయి. భర్త బక్కయ్య పోయి చాలా కాలమైంది. ఇద్దరూ బిల్డింగుల మీద ఇసుక, ఇటుక మోసి బతికినవాళ్లు. మనిషి నా భుజం దాకా కూడా రాదు. తన గది ముందు ఎండ రాని చోట, చేపలవాళ్లు పారేసిన థర్మకోల్ డబ్బాల్లో మెంతి, పుంటికూర పండిస్తుంది. నూనె డబ్బాలు అడ్డంగా కోసి మిర్చి పెట్టింది. మనిషి నడవడానికి దారి వదిలి, చీపురు ఆనించే మూలను కూడా వదలకుండా వాడుకుంది. అంత ఇరుకులో ఒక్క డబ్బా అటూ ఇటూ జరపాల్సిన పని లేకుండా ఎలా సర్దిందో నేను కుర్చీలోంచి చాలాసేపు చూశాను.

నాకు మొక్కల మీద ఇష్టమేమీ లేదు. పని తెలిసినవాళ్లు పని చేస్తుంటే చూడడం ఇష్టం, అంతే.

జూన్ 27, శుక్రవారం

కట్టు విప్పి చాలా రోజులైంది కాబట్టి మళ్లీ ఎక్స్‌రే ఫోటో తీయించమన్నారు, తీయించాం. ఎముక బాగా అతుక్కుందట. నడువు, మెట్లెక్కు, పనికి కూడా వెళ్లొచ్చు అన్నాడు డాక్టర్. డాక్టర్లకేం, చెబుతారు. కాలు నాది.

కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాను. రెయిలింగ్ వైపు కూర్చుంటే వెలుతురు కళ్లలో పడుతోంది.

జూలై 5, శనివారం

పెద్దమ్మ నాటిన ఆనప గింజ మొలిచి, తీగ మోచేతి పొడవైంది. పొద్దున కుళాయి వచ్చే వేళ ఈ అంతస్తు ఆడవాళ్లంతా బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు గిన్నెలతో తెచ్చి బాల్టీలో పోస్తున్నారు. పెద్దమ్మ ఎవరినీ పొయ్యమని చెప్పలేదు. మొదటి రోజు తనే ప్రతి గుమ్మానికీ వెళ్లి, ఖాళీ గిన్నె పట్టుకుని, "మీ బియ్యం నీళ్లు పారబోస్తున్నరా? జర నా గిన్నెల పోయుండ్రి" అంది. మరునాటి నుంచి వాళ్లే వస్తున్నారు. ఒకే కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే మనుషులు ఇప్పుడు నా గుమ్మం ముందు వంగి ఆకులు లెక్కపెడుతున్నారు. నాకు ఒక్క క్షణం ప్రశాంతత లేదు.

నిజం చెప్పాలంటే, వాళ్లు రాని రోజు బాగుండదు.

జూలై 12, శనివారం

తీగను తలుపు చట్రం మీదుగా లోపలికి పాకించమన్నాను. పెద్దమ్మ వినలేదు.

"లోపట ఎండ యాడుందిరా? తీగకు ఎరుకే యాడికి పోవాల్నో."

అది రెయిలింగ్ ఊచల మధ్య నుంచి బయటికి దూరి, గోడకున్న వాన నీటి పైపును పట్టుకుంది. దాన్ని పైపుకు కట్టడానికి పెద్దమ్మ స్టూలు వేసుకుని, రెయిలింగ్ మీద పొట్ట ఆనించి, చీర పీలికలతో సగం మనిషి గాల్లోకి వంగింది. కింద మూడంతస్తుల లోతున గల్లీ. వాన పడి ఊచలన్నీ జారుతున్నాయి. ఆమె పాట పాడుకుంటూ ముడి వేస్తోంది.

ఇలాంటి గుండె మా రంగులవాళ్ల ముఠాలో ఒక్కడికీ లేదు. నేను లోపలికి వెళ్లి నీళ్లు తాగాను.

జూలై 13

కాలు నొప్పి.

జూలై 20, ఆదివారం

నాకు పని ఇచ్చే ఠేకేదార్ స్నేహల్ శేఠ్ ఫోన్ చేశాడు. గణపతి పండుగ అయ్యాక, వానలు తగ్గుతుంటే, వర్లిలో పెద్ద బిల్డింగ్ పని మొదలట. బయటి గోడలన్నీ మనవే. "తూ యేతో ఆహేస్ నా, విక్కీ?" అన్నాడు, వస్తున్నావు కదా అని. కాలింకా సరిగా లేదు శేఠ్, చూస్తా అన్నాను. మంచివాడు, సరేనన్నాడు. కానీ గణపతి వచ్చేలోపు ఏదో ఒకటి చెప్పాలట. లేకపోతే నా చోటు ఇంకొకరిది. బయటి గోడల పని పోతే నేను గోదాములకు సున్నం కొట్టుకుంటూ తిరగాలి.

శీతల్ అడిగింది, "ఏమన్నడు?"

"కాలు ఎట్లుందని అడిగిండు."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది.

జూలై 27, ఆదివారం

ఈ రోజు నేను చేసిన పని చాళీ అంతా మాట్లాడుకుంటోంది.

పొద్దున తెల్ల పువ్వు వెనక వేలెడంత పిందె, నూగు నూగుగా, ఊచల అవతల వేలాడుతూ కనిపించింది. గోడ మీద రంగు అంటని చోటును ముఠాలో కుర్రాళ్లకు చూపించే అలవాటు కదా నాకు, చెయ్యి చాచి, వేలు నిటారుగా పెట్టి, "అగో పెద్దమ్మా, కాయ!" అన్నాను.

పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"వేలు ముడువ్! పిందెకు వేలు చూపెడ్తరార ఎవరన్న? కుళ్లి రాల్తది. పిడికిలితోని చూపెట్టాలె. గంత తెల్వదా?"

"అమ్మ నేర్పకనే పోయింది" అన్నాను.

"మీ అమ్మ మంచిగనే నేర్పింది. నువ్వే ఇనకపోతివి."

శీతల్ కూడా ఆమె వైపే. కట్టుకున్నదానికైనా జాలి లేదు.

జూలై 30, బుధవారం

పిందె పసుపు రంగు తిరిగి, మెత్తబడి, రాలిపోయింది.

నలభై మూడేళ్ల మగవాణ్ణి, ఆనప పిందెను చంపిన పాపాత్ముణ్ణి. బియ్యం నీళ్లు తెచ్చే ఆడవాళ్లు తీగను పిడికిలితో చూపిస్తూ, నా వైపు ఒక చూపు చూసి వెళ్తున్నారు. పెద్దమ్మ మాత్రం ఆ రాలిన పిందెను మట్టిలోనే పూడ్చి, "పో, నీ చెల్లెను తోల్కరా" అంది దానితో. నాకు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు దిగులుగా కూడా ఉంది.

ఆగస్ట్ 3, ఆదివారం

నేను నిర్దోషిని! మరో మూడు పిందెలు ఏ వేలూ తగలకుండానే రాలాయి. శీతల్ ఫోన్‌లో చూసి చెప్పింది. తేనెటీగలు మన గల్లీలోకి రావు కాబట్టి పిందె నిలవదట. పోతు పువ్వు, అంటే మగపువ్వు, కోసి, దాని పుప్పొడిని పిందె ఉన్న పువ్వు లోపల మనమే అద్దాలట. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుతుంది కాబట్టి అప్పుడే చెయ్యాలి.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అంటె పెండ్లి నేనే చెయ్యాల్న! నా పెండ్లి చేసినోళ్లే లేకపోతిరి, దీని పెండ్లికి నేను పెద్దనైన."

వేలు చూపిస్తే రాలుతుందన్న మాట ఇక వదిలేస్తావా అని అడిగాను.

"అది గూడ నిజమే, ఇది గూడ నిజమే. నువ్వు వేలు ముడుసుకో."

సాయంత్రం పోతు పువ్వు కోసుకుని వచ్చింది. పిందె ఉన్న పువ్వు మాత్రం పైపు అవతల, చెయ్యి చాచినా అందనంత దూరంలో విచ్చింది. మళ్లీ స్టూలు. రెయిలింగ్ మీద మోకాలు కూడా పెట్టింది. "దిగు పెద్దమ్మా, దిగు, వద్దు ఆ కాయ" అని నేను అరిచానట. శీతల్ చెప్పింది. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. గోడ మీద పెచ్చు ఊడుతోంది, దాన్ని చూస్తున్నాను.

ఆగస్ట్ 4

కాలు నొప్పి.

ఆగస్ట్ 10, ఆదివారం

నిలిచింది! పిందె నిలిచింది. ముదురు ఆకుపచ్చగా మెరుస్తూ, రోజుకింత సాగుతోంది. అంతస్తు అంతస్తంతా వచ్చి పిడికిళ్లతో చూపించుకుంటున్నారు. కొత్తవాళ్లెవరైనా వేలెత్తబోతే "ఏయ్, ముడువ్!" అని నేనే ముందు అరుస్తున్నాను.

కామాటిపురాలో, మూడో అంతస్తులో, రంగు బాల్టీలో, మేక పెంటతో, బియ్యం నీళ్లతో ఒక ఆనపకాయ. దీన్ని పుట్టించిన మనిషి పక్కగదిలో కూర్చుని ఏమీ జరగనట్టు మెంతి తెంపుతోంది. నాకు ఆమెను చూస్తే ఒళ్లు పులకరిస్తోంది. ఇది ఆమెతో అనలేను, ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్ట్ 17, ఆదివారం

కాయ నా ముంజేతి కంటే లావుగా ఉంది. అదే ఇప్పుడు తంటా. సరిగ్గా దాని కిందే, గల్లీలో చంద్రయ్య చాయ్ బండి. ఈ రోజు పైకి వచ్చాడు.

"తారక్కా, అది తెగి పడితే నా గిరాకీల నెత్తి పలుగుతది. ఊయలన్న కట్టు, లేకుంటె కొయ్యి."

"ఇంక నాలుగొద్దులు ఆగు. లేతగుంది. రేపు ఊయల కడ్త."

పాత చీర ముక్కను కాయ కిందుగా జోలెలా చుట్టి, రెండు కొసలూ పైపుకు బిగిస్తే బరువంతా చీర మీద ఉంటుంది. పని చిన్నదే. కానీ అది రెయిలింగ్ అవతల, పైపుకు ఆవలి పక్క.

స్నేహల్ శేఠ్ మళ్లీ ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

ఆగస్ట్ 18, సోమవారం

రాత్రి నుంచి ఒకటే వాన. పెద్దమ్మ ఆగదు కదా, పొద్దున్నే చీర ముక్క నడుముకు చుట్టుకుని స్టూలెక్కింది. తడి గచ్చు మీద స్టూలు జారింది. నేను ఎప్పుడు లేచానో తెలియదు, ఆమె నడుము పట్టుకుని లోపలికి లాగాను. ఇద్దరం గచ్చు మీద పడ్డాం. ఆమె కుడి మణికట్టు బెణికింది. శీతల్ వచ్చి గుడ్డ చుట్టింది.

పెద్దమ్మ మణికట్టు పట్టుకుని కూర్చుని, నన్ను చూసి ఒక్క మాటే అంది.

"మంచిగనే ఉరికినవ్ బిడ్డా."

నేను వెంటనే కాలు పట్టుకున్నాను. నొప్పి అన్నాను.

ఆగస్ట్ 19, మంగళవారం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

వాన ఇంకా ఎక్కువైంది. గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు. శీతల్ ఆ నీళ్లలోనే కార్ఖానాకు వెళ్లింది. మధ్యాహ్నం గాలి లేచింది. కాయ పైపుకు కొట్టుకోవడం మొదలైంది, గదిలోకి వినిపిస్తోంది. చంద్రయ్య పొడుగు వెదురుకు కొడవలి కట్టుకుని పైకి వచ్చాడు.

"తారక్కా, నీ మీద కోపం గాదు. కింద మనుషులున్నరు. ఊయలన్న కట్టాలె, లేకుంటె నేను కోస్త."

"నువ్వు కట్టరాదు?"

"నాకు అందదు. చెయ్యి పొడుగున్నోడు కావాలె."

పెద్దమ్మ గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తన గుమ్మంలో కూర్చుంది. చీర ముక్క పక్కనే ఉంది. ఆమె నన్ను అడగలేదు. అడిగి ఉంటే కాలు నొప్పి అని చెప్పేవాణ్ణి, మాట నాలుక మీదే ఉంది. ఆమె అడగలేదు, నా వైపు చూడనూ లేదు. "సరే, కొయ్యి" అని చంద్రయ్యతో అంది. ఇన్ని నెలల్లో ఆమె గొంతు అలా పడిపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

లేచాను. చీర ముక్క తీసుకున్నాను. స్టూలు అక్కర్లేదు నాకు. రెయిలింగ్‌కు తొడలు ఆనించి బయటికి వంగాను.

కింద గల్లీ కనిపించగానే ఒళ్లంతా చల్లబడింది. భాయ్‌ఖళాలో పడేటప్పుడు పరంజా వెదురు చేతికి తగిలింది, పట్టుకునేలోపే జారిపోయింది. రోజూ పడుకోగానే నా చేతికి ఆ వెదురే తగులుతుంది. ఇది ఇన్నాళ్లూ ఇక్కడ కూడా రాయలేదు. వేళ్లు పని చెయ్యలేదు. కళ్లు మూసుకున్నాను. వెనక నుంచి ఎవరో నా చొక్కా, చొక్కాతో పాటు లోపలి బనీను, గుప్పిట పట్టుకున్నారు. పెద్దమ్మ, ఎడమ చేత్తో.

"కిందికి సూడకు. కాయను సూడు" అంది.

కాయను చూశాను. నూగు మీద వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. అంత లేతగా ఉంది. చీర దాని కింద దూర్చాను, పైపుకు చుట్టాను, బయటి గోడలకు వేలాడుతూ రంగు వేసే ఝూలాకు మేము వేసే ముడే వేశాను. ఒకటి సరిపోతుంది, రెండు వేశాను. కాయ బరువు చీర మీదికి దిగింది. కొట్టుకోవడం ఆగింది.

వెనక్కి వచ్చి గచ్చు మీద కూలబడ్డాను. చంద్రయ్య వెదురు దించి, "శెభాష్" అని కిందికి పోయాడు. పెద్దమ్మ ఇంకా నా చొక్కా వదల్లేదు. ఆమె చెయ్యి గజగజ వణుకుతోంది. చలికనుకున్నాను.

"అయిపోయింది పెద్దమ్మా, ఇడువు."

"ఇడుస్త. జర ఆగు. పానం కుదుట పడనీ."

"నీకెందుకు భయం? నువ్వు రోజూ ఎక్కుతవ్ గదా!"

"ఎక్కుత. ఎక్కినప్పుడల్ల కాళ్లు వణుకుతయ్. ఇసుక మోసిన దినాలల్ల గూడ వణికినయ్, ఒక్క దినం ఆగలె. అందుకే పాట పాడుత, నా భయం మీకు ఎరుక గావద్దని."

ఇన్నాళ్లూ భయం తెలియని మనిషనే కదా మెచ్చుకున్నాను! భయం ఉండి, ప్రతిసారీ ఎక్కిందట. దండం పెట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆమె నా తల మీద ఎడమ చెయ్యి వేసి, "నీ కాలు ఎప్పుడో మంచిగైంది బిడ్డా. నాకెరుక. శీతల్‌కు గూడ ఎరుక" అంది.

ఆగస్ట్ 20, బుధవారం

కాలు నొప్పి లేదు. చాలా రోజులుగా లేదు.

ఆగస్ట్ 23, శనివారం

కాయ కోశాం. పెద్దమ్మ దాన్ని ముక్కలు చేసి అంతస్తులోని ప్రతి గదికీ, చంద్రయ్యకూ, పునాది దగ్గరి పాలమూరు పిల్లలకూ పంచింది. మా వాటా శనగపప్పు వేసి వండింది శీతల్. అంత కమ్మటి ఆనపకాయ నేను తినలేదు. ముక్కు మూసుకోలేదని పెద్దమ్మ గుమ్మంలోంచే నవ్వింది.

తినేటప్పుడే శీతల్‌తో చెప్పాను, ఎక్కాలంటే భయంగా ఉందని. ఆమె నా కంచంలో ఇంకో గరిటె కూర వేసి, "స్నేహల్ శేఠ్‌తోని గూడ చెప్పు" అంది.

ఆగస్ట్ 25, సోమవారం

చెప్పాను. వస్తాను శేఠ్, కానీ మొదట కింది అంతస్తులో పెట్టు, పైకి ఎక్కాలంటే భయం వేస్తోంది అన్నాను. నవ్వుతాడనుకున్నాను. "నేను గూడ రెండు సార్లు పడిన. వచ్చెయ్" అన్నాడు. ఆయనకింత తెలుగు వచ్చని నాకిప్పటి దాకా తెలియదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

గణపతిని నిన్న సాగనంపాం. పెద్దమ్మ చేతి గుడ్డ విప్పేసింది. తీగకు ఇంకో రెండు పిందెలు నిలిచాయి. ఒకదాని పువ్వుకు పుప్పొడి నేనే అద్దాను, వంగి. కాళ్లు వణికాయి. నాకు పాట రాదు, ఏదో గొణిగాను.

రేపు పొద్దున వర్లి. ఎంత ఎత్తు దాకా ఎక్కుతానో తెలియదు. వెళ్తున్నాను.